నార టోపీలోని రొద

2091 సెప్టెంబరు మూడో తేదీ ఉదయం అట్లాంటిక్ సముద్రం గోడ దాటి, మసాచుసెట్స్ తీరంలోని ఒక చిన్న ఊరిలోకి వచ్చింది. మనుషులందరినీ గంట ముందే తేలే బస్సుల్లో తరలించారు. రికార్డుల భవనం మాత్రం మునిగింది. నాలుగున్నర శతాబ్దాల జననాలు, పెళ్లిళ్లు, చావులు రాసిన పుస్తకాలు ఆ రోజు పోయాయి. వాటి నకళ్లు దాచిన యంత్రాలను కూడా అదే భవనంలో పెట్టారు.

జోసయా హేల్ అనే వలసదారుడు 1637లో ఇంగ్లండు నుంచి వచ్చి ఆ ఊళ్లో స్థిరపడ్డాడు. ఎవరి కొడుకో, ఎక్కడ పుట్టాడో ఎవరికీ తెలియదు. అతని పదిహేనో తరం మనుమరాలు ప్రూడెన్స్ హేల్ నలభై ఏళ్లుగా ఆ సంగతే వెతుకుతున్నది. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్లు. వరద తర్వాత ఆమె దగ్గర మిగిలింది జోసయా బిడ్డలు పెట్టుకున్న నార టోపీ ఒక్కటే. దాన్ని భీమునిపట్నం పంపింది.

భీమునిపట్నంలో డాక్టర్ భ్రమరాంబ నిర్మించిన స్పర్శగ్రాహి ఉంది. పాత గుడ్డ దారాల్లో చిక్కిన చర్మకణాలను, చెమట ఉప్పును అది పొరలుపొరలుగా చదువుతుంది. ఎవరెవరు తాకారో, ఎవరు ముందో, ఎవరు తర్వాతో చెబుతుంది. చదివినంత మేర గుడ్డ కరిగిపోతుంది. మొదటి పఠనంలో మనుషుల జాబితా వస్తుంది. రెండోది లోతు పఠనం. అది ఒక్క మనిషి జన్యుపటాన్ని పూర్తిగా ఇస్తుంది. దాన్ని ఇప్పుడు బతికి ఉన్నవారి పటాలతో పోలిస్తే పుట్టిన ప్రాంతం, అయినవాళ్లు తెలుస్తారు. ఆ టోపీ ఒక్క లోతు పఠనానికే సరిపోతుంది.

మొదటి పఠనం ముగిసింది. సహాయ శాస్త్రవేత్త ఖాదర్ వలీ తెర చూసి నవ్వాడు.

"మేడమ్, మన మిషనుకి జలుబు చేసినట్టుంది. జోసయా, భార్య మెర్సీ, ఒక బిడ్డ కలిసి ఇరవై తొమ్మిది శాతమే. మిగతా డెబ్భై ఒకటీ రొద, అంటే పనికిరాని చెత్త, అంటోంది."

"అంత రొద ఉండదు. వడపోత తీసి చూడు."

"ఆ వడపోత రాసింది మీరే కదా?"

"నేనే. అడిగినవాళ్ల పూర్వీకులు కానివాళ్లని తీసెయ్యమని రాశాను. పన్నెండేళ్లయింది. అందరూ వాళ్ల పూర్వీకుల గురించే అడిగేవారు."

వడపోత తీశారు. రొదలో మొదటి బిడ్డది కాస్తే, మిగతా అంతా ఒక్క స్త్రీ. ఆమెకు ఎవరితోనూ రక్తసంబంధం లేదు. టోపీ కుట్టులో, దారం కొసన ఆమె లాలాజలం ఉంది. సూది బెజ్జంలోకి ఎక్కించడానికి దారాన్ని నోట తడిపింది. మెర్సీ స్పర్శ మొదటి బిడ్డతో ఆగిపోయింది. రెండో బిడ్డ ఉన్న పొరల్లో తల్లి లేదు, కాన్పులోనే పోయి ఉండాలి. ఈమె ఉంది. మాసికలు మూడు, మూడూ ఈమెవే.

భ్రమరాంబ ఆ పొరలన్నీ మరోసారి సరిచూసుకుంది. తర్వాత ప్రూడెన్స్‌ను తెర మీదకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది.

అనువాద యంత్రానికి ఖాదర్ వలీ శ్రీకాకుళం యాస పెట్టాడు. పెద్దావిడ మాట పెద్దావిడ మాటలాగే ఉండాలని అతని వాదన.

"అయితే అమ్మా, రెండో పిల్లోడిని ఎవులు పెంచినట్టు?" అంది ప్రూడెన్స్.

"ఆవిడేనండి. మీరు ఆ రెండో అబ్బాయి సంతతే."

"ఆవిడికి పిల్లల్లేరా?"

"ఉన్న జాడ లేదు. లోతు పఠనం జోసయాకి చేస్తే అతని తండ్రి ఎవరో తేలొచ్చు. ఆవిడకి చేస్తే ఆవిడ ఎక్కడి మనిషో తెలుస్తుంది. రెండూ కుదరవు. మీరే చెప్పాలి."

అవతల ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"నలబై యేళ్లు ఆ మారాజుకి అయ్యెవులో అని తిరిగినాను. ఒక మాట సెప్పమ్మా. నాను పెళ్లి సేసుకోలేదు. మా తమ్ముడి పిల్లలు ముగ్గుర్నీ నానే పెంచినాను. రేపు ఆళ్ల మనవలొచ్చి అడిగితే, మీ మిషను నన్నూ రొద అంటాదా?"

ఖాదర్ వలీ తల దించుకున్నాడు.

"అంటుందండి," అంది భ్రమరాంబ. "నేను అలాగే రాశాను."

"మరింకేటి? ఆవిడికే సెయ్యండి."

టోపీ కరిగిపోయింది. కణాలను బట్టి, మొదటి బిడ్డనాటికి ఆ స్త్రీ వయసు పదహారు. చివరి మాసిక వేసేనాటికి ఇరవై దాటింది. ఆమె అయినవాళ్ల సంతతి ఇప్పటికీ వేల్స్ కొండల్లో ఉంది. బట్టలుతికే బూడిదనీటికి ఆమె అరచేతులు బొబ్బలెక్కి, మాని, మళ్లీ బొబ్బలెక్కాయి. ఆ చేతులతోనే ఆమె టోపీకి అంత సన్నని కుట్టు వేసింది. భ్రమరాంబ నివేదికలో ఇంతవరకూ రాసి, కింద సంతకం చేసింది.

జోసయా తండ్రి ఎవరో తేలలేదు. ఆ స్త్రీ పేరూ తెలియలేదు. ఆ వడపోతతో ఇచ్చిన పాత నివేదికలు పదకొండు వేలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఇంకా తిరిగి చూడలేదు.