నాలుగు సెకన్లకు ఒక చుక్క

సూర్యాపేటలో కోదాడ రోడ్డు మీద, టైర్ల కొట్టుకూ మంచినీళ్ల ప్లాంటుకూ మధ్యనున్న రేకుల షెడ్డు సందీప్‌ది. పాత బండ్లు కొంటాడు, విప్పి తోమి రంగు వేస్తాడు, ఫోన్లో వీడియో తీసి పెట్టి అమ్ముతాడు. ఇరవై నాలుగేళ్లు. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. చూసి కొంత, పాడుచేసి కొంత నేర్చుకున్నాడు. లెక్కలు మాత్రం నోటి మీదే ఉంటాయి. ఇంజన్ చప్పుడు విని మైలేజీ చెప్తాడని చుట్టుపక్కల చెప్పుకుంటారు. అందులో సగం నిజం.

ఆ ఆగస్టు సాయంత్రం నాలుగున్నరకే మబ్బు కమ్ముకుంది. నీళ్ల ప్లాంటు మోటారు చప్పున ఆగింది. కరెంటు పోయిందన్నమాట. షట్టరు సగం దించుదామని సందీప్ లేచేసరికి ఒక బండి వచ్చి ముందు ఆగింది. మనిషిని చూడకముందే బండిని గుర్తుపట్టాడు. తొంభై ఆరు మోడల్, నల్ల ట్యాంకు. ఏప్రిల్‌లో తనే అమ్మాడు.

దిగినాయన దేవసహాయం. ఊరు నిడమనూరు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పని. బండి కొనడానికి వచ్చినప్పుడు భార్య సుగుణమ్మను కూడా తెచ్చుకున్నాడు. ఆమె అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు పిల్లలతో అంకెలు చెప్పించిన టీచరు. సీటు మీద చెయ్యి వేసి, పెట్రోలు వాసన ఎందుకొస్తోందని అడిగింది. కొత్త రంగు వాసన, రెండు రోజుల్లో పోతుందని చెప్పాడు సందీప్.

అది రంగు వాసన కాదు. ట్యాంకు అడుగున అతుకు దగ్గర వెంట్రుకంత పగులు ఉంది. సరిగ్గా అతికించాలంటే ట్యాంకు కడిగి, ఆరబెట్టి, రెండు రోజులు ఆగాలి. ఆ రోజు వాళ్లు మధ్యాహ్నానికే వస్తున్నారు. అప్పుడు సందీప్ ఫోన్లో సెకన్లు పెట్టి చుక్కలు చూశాడు. నాలుగు సెకన్లకు ఒక చుక్క. గంటకు తొమ్మిది వందల చుక్కలు. మహా అయితే నలభై అయిదు మిల్లీ. టీ గ్లాసులో సగం. ఇంతేగా అనుకుని ఇంట్లోంచి గంధం సబ్బు తెచ్చి, బొటనవేలితో పగుల్లోకి గట్టిగా రుద్ది, పైన నల్లరంగు కొట్టేశాడు. రోడ్డు మీద ఆగిపోయిన వాళ్లు ఇల్లు చేరడానికి చేసుకునే పని అది. సబ్బు పెట్రోలుకు కరగదు. నీళ్లకే కరుగుతుంది. ఏప్రిల్‌లో వానలు ఎక్కడివి?

ఈసారి దేవసహాయం ఒక్కడే వచ్చాడు. గడ్డం మాసి ఉంది. బెంచీ మీద కూర్చుని, ఎవరి సంగతో చెప్తున్నట్టు మెల్లగా చెప్పాడు. జూలైలో రాత్రంతా వాన. తెల్లవారుజామున సుగుణమ్మకు గుండెలో నొప్పి. బండి మీద కూర్చోబెట్టుకుని మిర్యాలగూడ దవాఖానకు బయల్దేరితే సగం దాటాక పెట్రోలు అయిపోయింది. సాయంత్రమే చూసుకున్నాడట, ముప్పావు లీటరు ఉండాలి. అంబులెన్సుకు ఫోన్ చేశాడు. అది వచ్చేసరికి ఆమె లేదు.

ఆ కాలం బండ్లకు ఆపగానే ట్యాంకు కింది పెట్రోలు కాక్ తిప్పి మూసెయ్యాలి. మరిచిపోతే రాత్రంతా కారిపోవచ్చు. ఆయన మరిచిపోయాడనే కూతురు సుజాత అంటోంది. అమ్మను నువ్వే చంపినవని అన్నదట. ఆనాటి నుంచి ఒకే ఇంట్లో ఉంటూ తండ్రితో మాట లేదు.

"మూసిన్నో లేదో నాకు యాదికొస్తలేదు బిడ్డా" అన్నాడు దేవసహాయం. "జర విప్పి సూడు. బండిల లోపముంటే చెప్పు. నాదే తప్పయితే గది గూడ చెప్పు. ఏదో ఒకటి తెలిస్తే సాలు."

సందీప్ బండిని లోపలికి తోసుకెళ్లాడు.

ఎక్కడ చూడాలో తెలిసిన మనిషి, తెలియనట్టు వెతకడం మొదలుపెట్టాడు. ముందు కాక్ చూశాడు. రబ్బరు పైపు వేళ్లతో నలిపి చూశాడు. కార్బొరేటరు గిన్నె విప్పాడు, తుడిచాడు, మళ్లీ బిగించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. బయట వాన అందుకుంది. రేకుల మీద ఆ మోతలో కాసేపు ఏమీ ఆలోచించనవసరం లేకపోయింది.

చివరికి పెట్రోలంతా డబ్బాలోకి వంపి, ట్యాంకు ఊడదీసి, బల్ల మీద బోర్లించి ఫోన్ లైటు వేశాడు. అతుకు దగ్గర రంగు పొరలు పొరలుగా లేచింది. పగుల్లో సబ్బు సగానికి పైగా కరిగిపోయింది. మిగిలిన ముక్క మీద ఒక బొటనవేలి ముద్ర ఉంది. అతనిదే. పెట్రోలు వాసన కింద నుంచి సన్నగా గంధం వాసన వచ్చింది.

వద్దనుకున్నా బుర్ర లెక్క కట్టేసింది. పది గంటలు కారితే నాలుగు వందల యాభై. ముప్పావు లీటరులో మిగిలేది మూడు వందల మిల్లీ. నలభై మైలేజీకి పన్నెండు కిలోమీటర్లు. దవాఖానకు ఇరవై. అంటే ఇంకా ఎనిమిది ఉండగా ఆగి ఉంటుంది.

"ఎక్కడ ఆగింది అంకుల్?"

"మిర్యాలగూడ ఎనిమిది అని రాయి ఉంటది సూడు. గా రాయి మీదనే కూసోబెట్టిన."

సందీప్ కట్టిన లెక్క సరిగ్గా సరిపోయింది. ఇప్పుడే చెప్పేయాలి. నోటి దాకా వచ్చింది. కానీ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. స్క్రూడ్రైవరుతో సబ్బు గీకేశాయి. గుడ్డతో తుడిచాయి. ఈ మధ్యే తెచ్చుకున్న, నిమిషాల్లో గట్టిపడే అతికే ముద్ద పిసికి పగుల్లో కూరి నున్నగా చేశాయి. పది నిమిషాల్లో అక్కడ ఏ తప్పూ జరిగినట్టు లేదు.

అప్పుడు వినబడింది.

టిక్.

వాన తగ్గింది కాబట్టి స్పష్టంగానే వినబడింది. చూరు నీళ్లనుకున్నాడు.

టిక్.

చూరు నీళ్లు కావు. షెడ్డు లోపలే. ట్యాంకు లేని బండి ఒట్టి చట్రంలా నిలబడి ఉంది. దాని కింద నుంచి వస్తోంది. వంగి నేల తడిమాడు. పొడిగా ఉంది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన కొట్టింది. ఒక స్టీలు మూత తెచ్చి కింద పెట్టాడు. ఈసారి చప్పుడు మారింది. చుక్క స్టీలు మీద పడ్డట్టు సన్నగా మోగింది.

మూత పొడిగానే ఉంది.

ఫోన్లో సెకన్లు చూశాడు. చూడకుండా ఉండాల్సింది. నాలుగు... మళ్లీ నాలుగు... మళ్లీ నాలుగు.

ఎంతసేపు అలా గొంతుక్కూర్చున్నాడో తెలియదు. బెంచీ మీంచి, ఇటు తిరగకుండానే, దేవసహాయం గుసగుసగా అడిగాడు.

"ఎంతకొచ్చింది బిడ్డా?"

"ఏంది అంకుల్?"

"లెక్క."

అవును, తను లెక్కపెడుతూనే ఉన్నాడు. మొదటి చుక్క నుంచీ.

"నీగ్గూడ ఇనవడుతుందన్నమాట" అన్నాడు దేవసహాయం. "పిచ్చి లేసిందేమో అనుకున్న నాకు." ఆగి, మెల్లగా చెప్పుకొచ్చాడు. రాయి మీద కూర్చున్నప్పుడు వాన నిలిచింది. బండి కింద చుక్కలు పడుతున్నాయి. ట్యాంకు ఖాళీ కదా, వాన నీళ్లేమో అనుకున్నాడాయన. నొప్పి మరిచిపోవడానికి ఆమె వాటినే లెక్కపెట్టుకుంటూ కూర్చుంది, పిల్లలతో చెప్పించినట్టు, ఒక్కో అంకె నిదానంగా. "ఆరు వందల పన్నెండు కాడ ఆగింది. ఇంట్ల రోజూ ఇనవడుతది. రోజూ గంతకే ఆగుతది."

ఆరు వందల పన్నెండు నాలుగులు. నలభై నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. ఎనిమిది కిలోమీటర్లకు పన్నెండు నిమిషాలు చాలు.

దేవసహాయం లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చీకట్లో మొహం కనబడలేదు.

"చెప్పు బిడ్డా. లోపమున్నదా?"

టిక్.

వీడియోలు చూసే జనం గుర్తొచ్చారు. షెడ్డు గుర్తొచ్చింది. పోలీసులు గుర్తొచ్చారు. ఇవన్నీ గుర్తు రావడానికి నాలుగు సెకన్లు కూడా పట్టలేదు.

"ట్యాంకు మంచిగనే ఉంది అంకుల్" అన్నాడు. "మీరే... కాక్ మూయలేదేమో."

చప్పుడు ఆగిపోయింది.

దేవసహాయం తల ఊపాడు. తర్వాత, తెలిసిపోయింది కదా, అది చాలు అన్నాడు. రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. తండ్రి వయసు మనిషి. సందీప్ ఆ చేతుల వైపు చూడలేక ట్యాంకు బిగించే పనిలో పడ్డాడు. వానలో ఆయన బండి వెనక ఎర్ర లైటు మలుపు తిరిగేదాకా తల ఎత్తలేదు.

ఇంటికి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. వాసన పోలేదు. మళ్లీ కడిగాడు. మూడోసారి కడుగుతుంటే ఫోన్ మోగింది. ఎనిమిదిన్నర.

"ఇల్లు చేరిన బిడ్డా" అన్నాడు దేవసహాయం. ఆయన గొంతు ఎంతో తేలికగా ఉంది. "తొవ్వ పొంటి చప్పుడు లేదు. ఇంట్ల గూడ లేదు. తప్పు నాదేనని సుజాతకు ఒప్పుకున్న. నాతోని మాట్లాడింది బిడ్డా. గిన్ని దినాలకు అన్నం పెట్టింది."

ఇదే ఆఖరి అవకాశమని సందీప్‌కు తెలుసు. ఒక్క మాట చాలు. అవతల సుజాత గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది.

"సరే అంకుల్" అని ఫోన్ పెట్టేశాడు.

కుళాయి గట్టిగా కట్టేశాడు. కడుక్కోవడానికి మళ్లీ సబ్బు అందుకోబోయి ఆగాడు. అమ్మ పొద్దున్నే విప్పి పెట్టిన కొత్త గంధం సబ్బు. దాని మీద ఒక వేలి ముద్ర ఉంది. లోతుగా, అప్పుడే నొక్కినట్టు. తన బొటనవేలు పక్కన పెట్టి చూశాడు. ఆ ముద్ర చాలా చిన్నది.

టిక్.

కుళాయి కాదు... కుళాయి కింద బకెట్టు కూడా లేదు.

చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా, ఒక ఆడ గొంతు నిదానంగా, ఓపికగా చెప్పింది.

"ఆరు వందల పదమూడు."

తర్వాత ఆగింది.

పిల్లలు తిరిగి చెప్పేదాకా టీచరు ఆగుతుందే... అలా.