బల్లమీద పెట్టండి

చైనాలో పింగాణీకి పేరుపడ్డ చింగ్‌దెజెన్ ఊరి సోమవారం సంతలో రెండు కట్టుబాట్లున్నాయి. పాత గిన్నెను చేతి నుంచి చేతికి అందించకూడదు. ఒకరు బల్లమీద పెట్టాలి, ఇంకొకరు తీసుకోవాలి. జారి పగిలితే తప్పెవరిదో తేలాలి కదా! రెండోది, గిన్నె ఒకరి చేతిలో ఉన్నంతసేపూ పక్కవాళ్లు నోరు మెదపకూడదు.

షెన్ ఖైకి ఇవి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అయినా ఆ ఉదయం నోరు జారాడు.

అతను మేనత్త కార్ఖానాలో పింగాణీ మీద నీలిరంగు పూలు, పిట్టలు వేస్తాడు. వాన మొదలైతే తడవకుండా నింగ్ తాత అంగడి చూరు కిందికి దూరాడు. పింగాణీ వయసు చెప్పడంలో ఆ ఊళ్లో తాత మాటకు తిరుగులేదు. ఆ రోజు మాత్రం ఆయన తన కుర్చీలో మనవరాలు రుయ్యీని కూర్చోబెట్టాడు. ఆమె సొంతంగా తీర్పు చెప్పడం అదే మొదలు. చూద్దామని సంతలో సగం మంది మూగారు.

లియావ్ అనే వ్యాపారి ఒక గిన్నె బల్లమీద పెట్టాడు. "ఖాంగ్‌షీ చక్రవర్తి కాలంది తల్లీ. మూడొందల ఏళ్లది. నువ్వు అవునంటే చాలు."

రుయ్యీ వేలి ఉంగరం తీసి పక్కన పెట్టింది. గిన్నెను రెండు చేతులతో ఎత్తి బరువు చూసింది. బోర్లించి అడుగు అంచు మీద వేలు పోనిచ్చింది. భూతద్దం పట్టి గాజు పూత లోపలి బుడగలు చూసింది. అంత శ్రద్ధగా, అంత నెమ్మదిగా ఒక వస్తువును చూసే మనిషిని ఖై ఎప్పుడూ చూడలేదు. ఆ గిన్నె మీద అతనికి అసూయ పుట్టింది.

తర్వాత గిన్నె మీది పిట్ట కంటబడింది. అది నిరుడు తాను వేసిన పిట్టే! ఎవరో టీ నీళ్లూ మట్టీ పట్టించి ముసలితనం తెప్పించారు. ఇప్పుడీ అమ్మాయి అవునందా, మొదటి రోజే పరువు పోతుంది.

"ఆగండి! అది నేను చేసిందండీ!"

సంతంతా బిగుసుకుపోయింది. రుయ్యీ గిన్నె కింద పెట్టడం ఆలస్యం, లియావ్ దాన్ని చంకన పెట్టుకుని జారుకున్నాడు. ఆమె మెచ్చుకుంటుందేమోనని ఖై చిన్నగా నవ్వాడు.

"మిమ్మల్నెవరైనా అడిగారా?" అంది రుయ్యీ.

"మీరు మోసపోతారేమోనని..."

"నాకు కళ్లు లేవా? నిజంగా పాతదైతే గీతలు అన్ని వైపులా ఉంటాయి. దానికన్నీ ఒకవైపే, గరుకు కాగితంతో రుద్దినట్టు! పైగా కొత్తదానికుండే ఆ దొంగ మెరుపొకటి. అచ్చం మీ కళ్లలో ఉన్నట్టే! కింద పెట్టి చెబుదామనుకునేలోపు మీరు అరిచారు. ఇప్పుడు నేనేం చెప్పినా ఎవరు నమ్ముతారు?"

ఆమె భయపడినంతా అయింది. "ఆ పిల్లకేం తెలుసు, కుర్రాడు చెబితే తెలిసింది" అన్న మాట ఊరంతా చుట్టొచ్చింది. వారమంతా ఆమె బల్ల దగ్గరికి ఒక్కరూ రాలేదు.

ఖైకి తిండి సహించలేదు. "మేలు చేద్దామని పోయి ఆమె నోటికాడి మాట లాగేశాను అత్తా!"

"నోటితో చెడగొట్టావు, చేతులతో బాగుచెయ్యి," అంటూ అత్త బీరువాలోంచి గుడ్డలో చుట్టిన తన తాతగారి గిన్నె తీసింది. "ఖాంగ్‌షీ కాలంది. పగలగొట్టావో, ఇంటికి రాకు."

మరుసటి సోమవారం మళ్లీ వాన. ఖై రుయ్యీ ముందు ఏడు గిన్నెలు వరసగా పెట్టాడు. అన్నింటి మీదా పూల కొమ్మ, పిట్ట. "ఇందులో పాతది ఒక్కటే. ఏదో మీరే చెప్పాలి. నేను నోరెత్తను."

"ఎత్తితే?"

"ఇవన్నీ నా నెత్తిన పగలగొట్టండి."

"పాతది కూడానా? అదేం పాపం చేసింది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రుయ్యీ నవ్వలేదు. ఉంగరం తీసింది. ఒక్కొక్కటే ఎత్తింది, దించింది. ఐదో గిన్నె దగ్గర చాలాసేపు ఆగింది.

"పాతది ఇదే. కానీ ఖాంగ్‌షీ కాలంది కాదు. నీలంలో ఊదా ఛాయ ఉంది. అది విదేశీ రంగు, చాలా తర్వాత వచ్చింది. ఓ వందేళ్ల కిందట ఎవరో గొప్ప పనివాడు ఖాంగ్‌షీ గిన్నెను చూసి వేశాడు."

ఖై నోరు తెరుచుకుంది. ఇది ఎవరో ఆమె చెవిలో ఊదిన మాట కాదని ఆ ముఖం చూసిన ప్రతివాడికీ అర్థమైంది.

గుంపులోంచి అత్త నుదురు కొట్టుకుంది. "అయ్యో! అది తనే చేశానని మా తాత తాగినప్పుడల్లా అనేవాడు. ఒక్కరమూ నమ్మలేదు!"

నింగ్ తాత గిన్నె తిప్పి చూసి, "మా పిల్ల చెప్పిందే," అన్నాడు.

"మిగతావి ఈయనవే," అంది రుయ్యీ. "ఐదు నిరుడు వేసినవి. ఈ చివరిది ఈ వారంలో వేసింది."

"ఎలా తెలిసింది?" అన్నాడు ఖై.

"వాటిలో పిట్ట కొమ్మను చూస్తోంది. ఇందులో తల తిప్పి, గిన్నె పట్టుకున్నవాళ్లను చూస్తోంది."

"వేస్తున్నంతసేపూ మీరే గుర్తొచ్చారు. మీరంటే నాకు చాలా ఇష్టమండీ," అంటూ ఆ గిన్నె ఎత్తి నేరుగా ఆమె చేతికి అందించబోయాడు.

"బల్లమీద పెట్టవయ్యా!" నలుగురూ ఒక్కసారే అరిచారు.

రుయ్యీ తాత వైపు చూసింది. తాత ఎంతో అవసరం ఉన్నట్టు వానను చూస్తున్నాడు. ఆమె రెండు చేతులూ చాపింది. గిన్నెతో పాటు అతని వేళ్లు కూడా ఆమె అరచేతుల్లోకి వచ్చాయి.

"పగిలితే తప్పెవరిది?" అంది మెల్లగా.

"ఇద్దరిదీ."

ఆమె గిన్నెను గట్టిగా పట్టుకుంది. అతను వదల్లేదు.