ఓడలో సుత్తి సప్పుడు

భావనపాడు ఇసుకలో నేవీ ఓడని నిలబెట్టిన చోటు మంచిది కాదు. పొద్దు కూకినాక అటేపు ఎల్లకండి. సుత్తి సప్పుడు వస్తాది... టక్, టక్, టక్. కాసేపు ఆగుతాది. మళ్లీ టక్, టక్.

ఆ ఓడ సంగతి తల్సుకుంటే నాకు ఒళ్లు మండిపోతాది. రిటైరైపోయిన యుద్ధనావని తెచ్చి మ్యూజియం సేస్తామన్నారు. తోరణాలు కట్టి, ఫొటోలు దిగి, గేటుకి తాళం ఏసి ఎలిపోనారు. నాలుగేళ్లు! టికెట్ల గది కట్టినారు గానీ టికెట్టు సింపిన నాథుడు లేడు. జనం వస్తారని నేను ఎదురుగా టీ బడ్డీ పెట్టాను. కాకులొచ్చాయి.

తుప్పట్టిన ఆ ఓడలోంచి రాత్రిళ్లు సుత్తి సప్పుడు మొదలైంది. డ్యూటీలో సచ్చిపోయిన నావికుడి దెయ్యమని ఊరంతా కూసింది. సీకటి పడితే అటేపు ఎవులూ ఎల్లేవోరు కాదు.

తిత్లీ తుఫానుకి ముందేడు. మా బావ తిరుమలరావు సేపల ఆటో తోల్తాడు. ఓ రాత్రి సరిగ్గా ఓడ పక్కనే ఆటో ఆగిపోనాది. ఎంత సేసినా ఇంజను లేవదు. అప్పుడు... టక్. టక్. టక్.

బావ ఆటోలోనే ముడుసుకుని కూకున్నాడంట. ఓడ గుండ్రటి కిటికీలో ఎర్రటి ఎలుగు... కదిలింది. సప్పుడు ఆగింది. లంగరు గొలుసు గలగలమంది. దాన్ని పట్టుకుని ఎవులో దిగుతన్నారు...

బావ కళ్లు మూసీసుకున్నాడు.

"ఆటో లైటు ఆర్పీ బాబూ... ఎవులైనా సూస్తారు."

కళ్లు తెరిస్తే — బాప్టిస్టు సర్చి సందులో ఉండే జ్ఞానానందం తాత. సేతిలో సుత్తి, మెడలో ఎర్ర కాయితం సుట్టిన టార్చిలైటు, ఒళ్లంతా తుప్పు పొడి. ఆయన నేవీలో పనిసేసి రిటైరైనాడు, అందులో పదకొండేళ్లు ఈ ఓడ మీదే.

పగలు లోపలికి రానివ్వరంట. తుప్పు గీకి రంగేస్తాను, కూలీ కూడా వద్దని అర్జీ పెట్టుకుంటే, ఈ ఆఫీసోళ్లు ఆ ఆఫీసుకి, ఆ ఆఫీసోళ్లు ఈ ఆఫీసుకి తిప్పినారు. వచ్చే నెల్లో ఇంజినీరు వస్తాడు. ఓడ గట్టిగుంటే మ్యూజియం, లేకపోతే ముక్కలు కోసీస్తారు. అందుకని తాత రాత్రిళ్లు వచ్చి గీకుతున్నాడు.

"దెయ్యమనే సెప్పు బాబూ. ఆ బయానికే ఇనప దొంగలు రావట్లేదు."

బావ ఒట్టేసినాడు. వచ్చి నాకొక్కడికే సెప్పాడు. మరి నేనేటి సేశాను? తెల్లారి టీకొచ్చినోళ్లు ఇంకా దెయ్యం, దెయ్యం అంటంటే నవ్వు ఆగక, పెద్ద తెలివైనోడిలాగ, దెయ్యం కాదెహె, జ్ఞానానందం తాత అనీసినాను. నా నోరు పడిపోను!

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోనాది. ఆఫీసోళ్లు తాతని పిలిసి, మళ్లీ ఓడెక్కితే కేసు పెడతామన్నారు. వారం తిరక్కుండా దొంగలు పడి, అడుగునున్న ఇత్తడి వాల్వులు ఊడబీకీసినారు. ఆ కన్నాల్లోంచి పోటు నీళ్లు లోపలికొచ్చీసినాయి. ఇంజినీరు ముక్కు మూసుకుని ఓసారి సూసి, పనికిరాదని రాసీసినాడు.

గ్యాసు కటర్లు పెట్టి పద్దెనిమిది రోజులు కోసినారు. పద్దెనిమిది రోజులూ తాత టికెట్ల గది అరుగు మీద కూకుని సూశాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఇసకలో కూరుకుపోయిన లంగరొక్కటే పైకి లేవక వదిలీసినారు.

మొన్న రాత్రి బడ్డీ కట్టీసి వస్తన్నాను. టక్... టక్... టక్.

ఓడే లేదు కదా! అయినా ఎల్లాను.

తాత మోకాళ్ల మీద కూకుని లంగరు తుప్పు గీకుతున్నాడు. పక్కన నల్లరంగు డబ్బా. నన్ను సూసి సుత్తి ఆపాడు.

"ఈసారేటి సెప్తావు బాబూ?"

నాకు ఏడుపొచ్చింది. "దెయ్యమనే సెప్తాను తాతా."

మర్నాడు బడ్డీ కాడ అదే సెప్పాను. ఓడ పోయినా దెయ్యం పోలేదు, నా కళ్లారా సూశానని. ఇప్పుడు మీకు సెప్పడం కూడా తప్పే, నా నోరు అలాంటిది. ఎవులైనా అడిగితే మీరూ దెయ్యమనే అనండి. ఆ లంగరొక్కటే మిగిలింది.