గోడ దాటిన వెదురు

శ్రీవిద్యకు భయమల్లా ఒకటే. వెనకింటి మహాదేవమ్మ సంపు కారిపోవడానికి కారణం తానేనని అందరికీ తెలిసిపోతుందేమోనని. ఎప్పటికీ తెలియకుండా ఉండిపోతుందేమోనన్న భయం అంతకన్నా పెద్దది. దాన్ని తలచుకోవడానికే ఆమెకు ధైర్యం చాలేది కాదు.

ఆ ఉదయం బద్వేలులో వాళ్ళ వీధికి కొళాయి నీళ్ళు వచ్చి పోయాయి. మళ్ళీ వారానికి గానీ రావు. మహాదేవమ్మ సంపు నిండింది. ఎల్లుండికి సగమవుతుందని వీధంతా ఎరుగును. శ్రీవిద్య గిన్నెలు తోమిన నీళ్ళు తెచ్చి, ఎప్పటిలాగే వెనక గోడ వారనున్న పసుపుపచ్చ వెదురుకు పోసింది. కూతురు హర్షిణి కడుపులో ఉన్నప్పుడు, అత్త సుందరలక్ష్మి వద్దన్నా వినక, కడప నర్సరీ నుంచి తెచ్చి నాటిన వెదురది.

తొమ్మిదింటికి హరిత అనే అమ్మాయి కాగితాలతో వచ్చింది. తోటల పెంపకం చదువుతోందట. అందానికి పెంచే వెదురు రకాల్లో ఏవి అదుపు తప్పి పక్క నేలల్లోకి పాకుతాయో ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటోంది.

"ఈ ఎండలకు మనుషులే నిలబడలేకుండారు, వెదురు యాడికి పాకుతాదమ్మా?" అని నవ్వింది సుందరలక్ష్మి.

"నేనూ అట్లే అనుకుంటాండా పెద్దమ్మా. ఈ పక్క ముప్పు తక్కువని రాయొచ్చు. నాటిన చోటు దాటి యాడన్నా మొలిచిందా?"

"యాడా లేదు. పెట్టినకాడ్నే ఉండాది, మా కోడలి మాదిరి!"

శ్రీవిద్యకు నవ్వు రాలేదు. రెండు నెలల కిందట పేరంటానికి పిలవడానికి వెళ్ళి, మహాదేవమ్మ సంపు అంచున వేలెడంత మొలక చూసింది. చుట్టూ చూసి, దాన్ని పుటుక్కున విరిచి కొంగులో దాచుకుని వచ్చేసింది. మర్నాడే మహాదేవమ్మ, సిమెంటు తక్కువేసినందుకే సంపు కారుతోందని, దాన్ని కట్టిన మేస్త్రీ చిన్న ఈరన్నను నడివీధిలో నిలబెట్టింది. అతను సొంత సిమెంటు తెచ్చి మళ్ళీ పూత పూశాడు. మళ్ళీ కారింది. ఆపైన అతన్ని పనికి పిలిచినవాళ్ళు లేరు. పెళ్ళాం బిడ్డలతో తుమ్మలపల్లె గని దగ్గర కూలికి పోయాడని విన్నారు.

హరిత కలం కాగితం మీద పెట్టింది.

"రాయొద్దు మేడం," అంది శ్రీవిద్య. "గోడ దాటింది."

"ఏమే! తొమ్మిదో తరగతి చదువుకు నువ్వు చెప్పొచ్చినావా? నోరు మూసుకో," అంది సుందరలక్ష్మి.

"నాటింది తెలియకనే అత్తా. దాచింది తెలిసే."

శ్రీవిద్య గడ్డపార తీసుకుని వెనకింటికి నడిచింది. వెంట హరిత, గొణుగుతూ సుందరలక్ష్మి. ఏమిటేమిటని మహాదేవమ్మ అడుగుతూండగానే సంపు పక్కన తవ్వింది. మూరెడు లోతున బొటనవేలంత లావు, కణుపుల వేరు. గోడ కింది నుంచి వచ్చి ఇటుకల సందులోకి దూరి ఉంది.

"పై నేల ఎండినా, మీరు రోజూ పోసే నీళ్ళు దీన్ని పెంచినాయక్కా," అంది హరిత. "తోమిన నీళ్ళ మాట నా కాగితాల్లో లేనే లేదు. ముప్పు తక్కువని రాసి పోయేదాన్ని." 'గోడ దాటింది' అని రాసుకుంది.

శ్రీవిద్య చెంపదెబ్బకు సిద్ధంగా నిలబడింది. మహాదేవమ్మ మాత్రం సంపు మూత మీద కూలబడిపోయింది.

"నీళ్ళు పోతే పోయినాయిలే. వాడు నా కాళ్ళు పట్టుకున్యాడే! 'అమ్మా, సిమెంటు తక్కువెయ్యలేదు, బిడ్డల మీద ఒట్టు' అన్యాడు. వాని తాపీ తీసి బజాట్లోకి ఇసిరేస్తి. వాడు దాన్ని ఏరుకొని, పంచెతో తుడుచుకొని పాయ."

శ్రీవిద్య ఆమె మోకాళ్ళ మీద తలపెట్టి ఏడ్చింది. సుందరలక్ష్మి వచ్చి కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

"ఆ పొద్దు నీ కొంగులో మొలక నేనూ చూస్తి," అంది నెమ్మదిగా. "ఇంటి పరువని అడగల్యా. తిట్టేదుంటే నన్నూ తిట్టు మహాదేవమ్మా."

ఆ ఆదివారం శ్రీవిద్య భర్త ప్రదీప్‌కుమార్‌తో కలిసి అత్తాకోడళ్ళూ మహాదేవమ్మా తుమ్మలపల్లెకు పోయి వచ్చారు. ఈరన్న పని మారిపోయాడన్నారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు.

మీలో ఎవరైనా గనుల దిక్కు పోతే, కూలీల గుడిసెల్లో చిన్న ఈరన్న అనే మేస్త్రీని అడగండి. నలభై ఏళ్ళుంటాయి, ఎడమ బొటనవేలికి గోరుండదు. సంపు బాగానే కట్టినావని చెప్పండి. పిల్లలు అన్నం తింటున్నారో లేదో, ఒక్కసారి లోపలికి తొంగి చూసి రండి.