ముందే కరిగిన పైపొర

"థర్మామీటరు సరిచూడ్డం కూడా రాదా మీకు?"

ల్యాబులో కొత్తగా చేరిన మీటర్లు సరిచూసే ఇంజనీరుతో ఆ పరిశోధకురాలు అన్న మొదటి మాట. ఎంత మధురమో!

సీసం కరగాల్సింది మూడొందల ఇరవై ఏడు డిగ్రీల దగ్గర. సీసం ముక్క పైపొరని పరీక్షించే ఆమె మిషనేమో ఇరవై డిగ్రీల ముందే అది కరిగిందంటోంది. మిషను ఆమెది, కాబట్టి తప్పు చెయ్యదు. మీటరు అతనిది, కాబట్టి చేస్తుంది. ల్యాబు డైరెక్టరు ఆమెకి స్వయానా బాబాయి. ల్యాబు గడప తొక్కి ఏళ్ళయిన ఆ మహానుభావుడు కుర్చీలోంచే తీర్పు చెప్పేశాడు: "రేపట్నుంచి ఆ అబ్బాయి రానక్కర్లేదు."

బతిమాలతాడనుకుంది. అతను నిలదీశాడు.

"మేడమ్, నా మీటరే తప్పయితే ముక్క మొత్తం ఇరవై డిగ్రీల ముందే కరగాలిగా? కరిగించి చూడండి."

"నెలల తరబడి పాలిష్ చేసిన సీసపు స్ఫటికమండీ అది! కరిగితే ఇక ముద్దే."

"నిజమే లెండి. మనుషులదేముంది, రోజుకొకణ్ణి గెంటెయ్యొచ్చు. సీసం ముక్క మళ్ళీ దొరుకుతుందా!"

చురుక్కుమంది. బయట వాన మొదలైంది. ప్రేమకథ కదా, దానికీ తప్పదు.

పళ్ళు నూరుకుంటూ వేడి పెంచింది. మిషనుకున్న చిన్న గాజుబిళ్ళలోంచి ఇద్దరూ తలలు ఆనించి చూశారు. పైపొర కరిగిందని మిషను గోల. ముక్క మాత్రం బండరాయిలా కూర్చుంది. మూడొందల ఇరవై ఏడు దాటాకే కూలబడి, మెరిసే బొట్టయింది.

"మీ మీటరు కరెక్టే," అంది, ముల్లు మింగినట్టు.

"మీ మిషనూ కరెక్టే. పైనున్న పరమాణువుల్ని మీదనుంచి పట్టుకునే దిక్కు లేదు. అందుకే ముందు అవే జారిపోయాయి. మీకు దొరికిన నిజాన్ని మీరే నమ్మలేదు. నన్ను తిట్టే పనిలో తీరికేదీ?"

ఆమె తిన్నగా బాబాయి గదిలోకి వెళ్ళింది.

"తప్పు నాది బాబాయ్. అతన్ని పంపిస్తే నేనూ పోతా."

"స్ఫటికమేదీ?"

"కరిగించేశా."

"అతని కోసమా?"

"సైన్సు కోసం!"

"సైన్సుకి చెవులు ఎర్రబడవే తల్లీ. సరే, ఉండమను. నాకూ చెప్పుకోవడానికో అల్లుడుంటాడు."

వరండాలో అతను వాన చూస్తూ నిలబడ్డాడు.

"ఉద్యోగం ఉంది. మళ్ళీ ఇంకో ముక్క పాలిష్ చెయ్యాలి నేను. నెలలు పడుతుంది," అంది.

"సాయానికి నేనొస్తా." చెయ్యి పట్టుకున్నాడు. "తిట్టినప్పుడే నచ్చావు. చెప్పడానికి భయమేసింది."

"ఆ మాటేదో అప్పుడే ఏడ్చి ఉంటే నా స్ఫటికం మిగిలేది కదయ్యా!" అంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.