వెంకాయమ్మ పేరు లేని పెన్షన్

పాలసీ కాగితాలు టేబుల్ మీద విసిరేసి, "మా అమ్మ పేరు ఎందుకు లేదు?" అని అడిగింది వాగ్దేవి.

నందిగామలోని ఆ పెన్షన్ పాలసీల ఆఫీసులో ఎదుటి కుర్చీలో ఉన్నవాడి పేరు జయదేవ్. మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. ఆమె దానివంక చూడలేదు. జగ్గయ్యపేట నుంచి వానలో తడిసి, బస్సులో నిలబడి వచ్చింది. ఆ కోపం కూడా అతడి మీదే ఉంది.

ఆమె తండ్రి కుటుంబరావు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తాగా రిటైరయ్యాడు. చేతికొచ్చిందంతా పెన్షన్ పాలసీలో పెట్టాడు. బతికున్నంత కాలం నెలనెలా వస్తుంది. ఆయన పోతే ఆ నెలతో సరి. నెలకు కాస్త తక్కువ తీసుకుంటే ఆయన తర్వాత భార్యకూ వచ్చే పద్ధతి ఉంది. ఫారంలో ఆ గడిని అడ్డంగా కొట్టేశారు.

"అమ్మగారే వద్దన్నారండి," అన్నాడు జయదేవ్.

'భర్త మరణానంతరం' అని చదవగానే వెంకాయమ్మ రెండు చెవులూ మూసుకుందట. పసుపు కుంకుమలతో తనే ముందు వెళ్తానని, ప్రతి వరలక్ష్మీ వ్రతానికీ అదే కోరుకున్నానని, అలాంటి రాత పక్కన తన పేరు ఉండటానికి వీల్లేదని పట్టుబట్టిందట. కుటుంబరావు మురిసిపోయి సంతకం పెట్టాడట.

"ఆవిడ దేవుణ్ణి కోరుకుంది. మీరు దాన్ని ఫారంలోకి ఎక్కించారు. ఎవరు ముందు పోతారో మీ ఆఫీసు తేలుస్తుందా?"

"పెద్దావిడ. కాదనడానికి నోరు రాలేదండి."

"నోరు రానివాడికి ఈ కుర్చీ ఎందుకు?"

అతడు తల దించుకోలేదు. అది ఆమెకు నచ్చింది. నచ్చినందుకు ఇంకా మండింది.

పాలసీ చేతికంది ఇరవై ఎనిమిది రోజులైందని, ముప్పై లోపు రద్దు చేసుకుని వేరేది తీసుకోవచ్చని చెప్పి, ఆమె వెంటే బయలుదేరాడు. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. భయమా అని అడిగింది. అవునన్నాడు.

ఇంట్లో ఆ మాట ఎత్తగానే వెంకాయమ్మ మళ్ళీ చెవుల మీదికి చేతులు తీసుకెళ్ళింది.

"పిన్నిగారూ," అన్నాడు జయదేవ్, "మా అమ్మా ఇదే కోరుకుంది. నాన్నే ముందు పోయాడు. ఇప్పుడు బీపీ మాత్రలు అయిపోవస్తే నన్ను అడగలేక సగం సగం మింగుతోంది. నేను సంపాదిస్తూనే ఉన్నా."

"ఇది తెలిసీ కొట్టేశారా?" అంది వాగ్దేవి.

"కొట్టేశా. తప్పు నాదే."

వెంకాయమ్మ చేతులు దించింది. మాత్ర సగం మింగకూడదని మీ అమ్మకు చెప్పమంది. తర్వాత ఫారం ఇటిమ్మంది. నెలకు తగ్గుతుందని కుటుంబరావు గొణిగితే, ఒక్క చూపుతో నోరు మూయించింది.

మర్నాడు కాగితాలివ్వడానికి వాగ్దేవి నందిగామ వెళ్ళింది. ఆఫీసు రికార్డులో రద్దుకు కారణం అన్నచోట 'నేను సరిగా వివరించలేదు' అని జయదేవ్ రాసి సంతకం చేశాడని, దాంతో రావలసిన ప్రమోషన్ ఇక ఆగిపోతుందని కౌంటర్లో కూర్చునే సూసన్ చెప్పింది.

బస్టాండు దాకా సాగనంపడానికి వచ్చిన జయదేవ్‌ను నిలదీసింది. "నాకెందుకు చెప్పలేదు?"

"జాలిపడతారని."

"నాకు జాలి రాదు. కోపమే వస్తుంది."

"అది చాలండి. ఇంత దూరం వచ్చి కోప్పడేది నా ఒక్కడి మీదే అయితే, మీ పెద్దవాళ్ళతో పెళ్ళి మాట మాట్లాడతా."

ఆమె ముఖం ఎర్రబడింది. ఈసారి అది కోపమేనని ఆమె కూడా చెప్పలేకపోయింది.

జగ్గయ్యపేట బస్సు వచ్చింది. ఎక్కమని కండక్టరు కేకేశాడు. తర్వాతి బస్సుకు వెళ్తానని వాగ్దేవి జయదేవ్ మీదే కోప్పడింది.