మూడు కొండల కొమ్ముభూతాలు

మణికేతన రాజ్యానికి ఉత్తరాన మూడు కొండలు ఒకదాని వెనుక ఒకటి నిలిచి ఉండేవి. రాజధానికి దగ్గరి కొండను కాటుకభూతం, నడిమి కొండను జేగురుభూతం, సరిహద్దు కొండను బూడిదభూతం కాపలా కాసేవి. ఒక్కో భూతం దగ్గర ఒక పెద్ద కొమ్ము, అడుగున చిల్లి ఉన్న ఒక రాగి గిన్నె ఉండేవి. నీళ్లలో వదిలిన గిన్నె నిండి మునగగానే భూతం కొమ్ము ఊదేది. భూతాలకే అర్థమయ్యే ఆ కూతలో తన పేరు, రాజు చెప్పిన గుర్తుమాట, తనకు కూత వినిపించిన పొరుగు భూతాల పేర్లు ఉండేవి. పక్క కొండ అలాగే బదులు పలికేది. శత్రువు కనబడితే ఆ కబురు కొండ నుంచి కొండకు దూకి రాజధాని చేరేది.

ధూమ్రజటుడనే మాంత్రికుడు దోపిడీ దండును వెంటబెట్టుకుని సరిహద్దు అడవిలో చేరాక ఇదంతా చెడిపోయింది. భూతాలు ఒకదానినొకటి తిట్టుకుంటూ బండలు విసురుకోసాగాయి. కబురు అందక సరిహద్దు ఊళ్లు కాలిపోయాయి. రాజు పంపిన సైనికులను భూతాలు కొండ ఎక్కకముందే తరిమికొట్టాయి.

ఒకనాడు సభకు మసిపట్టిన బట్టలతో ఒక పిల్ల వచ్చింది. పేరు చెంగల్వ.

"ప్రభూ, మా ఊరు కాలిపోయింది. మావాళ్లు గుహల్లో దాక్కున్నారు. దండు మళ్లీ వస్తుంది. మీ కొమ్ములు ఎందుకు మోగలేదు?" అని అడిగింది.

రాజు వీరకేతుడు తల దించుకున్నాడు. "భూతాలకు మతి చెడింది, తల్లీ. సైనికుల మాటే వినడంలేదు."

"కత్తి పట్టుకుని వెళ్తే ఎవరు మాత్రం వింటారు? నన్ను పంపండి."

మంత్రులు వద్దన్నారు. చెంగల్వ కదల్లేదు. చివరకు రాజు తన ఎడమ చేతిని ఆమె తలమీద ఉంచి, గుర్తుమాటను చెవిలో చెప్పి పంపాడు. ఆయన కుడి చెయ్యి ఎప్పుడో యుద్ధంలో పోయింది.

కాటుకభూతం ఆమెను చూస్తూనే బండ ఎత్తింది. "ఎవత్తివే నువ్వు? ఆ జేగురు పంపిందా?"

"రాజు పంపాడు. నీకూ జేగురుకూ ఏం తగువు?"

"నాలుగు గిన్నెలు మునిగేలోగా పలకని పొరుగు చచ్చినట్టే లెక్క! అది చచ్చాక అప్పుడప్పుడూ కూసేది ఎవరు? శత్రువే!"

చెంగల్వ గిన్నెవైపు చూసింది. నీళ్లలో పెట్టీపెట్టగానే అది బుడుంగుమని మునిగిపోతోంది. గిన్నె పాతబడి పచ్చగా చిలుము పట్టింది. చిల్లి అంచు మాత్రం తళతళలాడుతోంది.

"ఈ గిన్నెను ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఒక సాధువు వచ్చి తోమిపెట్టాడు."

"తోమలేదు, చిల్లి పెద్దది చేశాడు. అందుకే జేగురు ఒక్కసారి పలికేలోగా నీ గిన్నె నాలుగుసార్లు మునుగుతోంది. పూర్వం గిన్నె మునిగేలోగా నువ్వు ఏం చేసేదానివి?"

భూతం బుర్ర గోక్కుంది. "కొండ చుట్టూ ఒకసారి తిరిగొచ్చేదాన్ని."

"అయితే మళ్లీ తిరుగు."

చెంగల్వ చిల్లిని లక్కతో పూడ్చి, ముల్లుతో సన్నగా పొడిచింది. భూతం సణుగుతూ తిరిగింది, ఆమె చిల్లిని సరిచేసింది. చాలాసార్లు అలా అయ్యాక భూతం రావడమూ గిన్నె మునగడమూ ఒక్కసారే జరిగాయి. కాటుకభూతం కొమ్ము ఊదింది. జవాబుగా నడిమి కొండ నుంచి ఒక బండ వచ్చి పడింది!

చెంగల్వ ముళ్లపొదల్లోంచి పాక్కుంటూ ఆ కొండ ఎక్కింది. జేగురుభూతం ఆమె జడ పట్టి పైకెత్తింది.

"ఆ కాటుక పాత గుర్తుమాట చెబుతోంది! రాజే స్వయంగా వచ్చి నాకు కొత్త మాట ఇచ్చాడు. నా తలమీద చెయ్యిపెట్టి మరీ చెప్పాడు."

నొప్పితో చెంగల్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా గొంతు తగ్గించలేదు. "ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

"మా రాజుకు కుడి చెయ్యే లేదు! కాటుక దగ్గరికి సాధువులా, నీ దగ్గరికి రాజులా వచ్చింది ఆ ధూమ్రజటుడే!"

భూతం నోరు తెరుచుకుపోయింది. ఆమెను దించి, కోపం పట్టలేక తన నెత్తిన తానే మొట్టుకుంది. చెంగల్వ చెప్పిన అసలు మాటతో కొమ్ము ఊదింది. కాటుకభూతం వెంటనే పలికింది. ఎంతోకాలానికి ఆ రెండు కొండలూ ఇరుగుపొరుగయ్యాయి.

మూడో కొండకు దారి దోపిడీ దండు మకాం పక్కనుంచే వెళ్తుంది. చెంగల్వ రెల్లుగడ్డిలో నక్కి నక్కి దాటింది. దండు గుర్రాలకు జీనులు బిగిస్తోంది.

పైన బూడిదభూతం గిన్నె బోర్లించి కూర్చుంది. దాని గిన్నె చెడలేదు, గుర్తుమాటా మారలేదు.

"దండు బయలుదేరుతోంది, కొమ్ము ఊదు!" అంది చెంగల్వ రొప్పుతూ.

"ఊదను. పిలిచి పిలిచి నా గొంతు పోయింది. ఒక్కరూ నా పేరు ఎత్తలేదు. అదిగో విను, జేగురు కూస్తోంది. కాటుక పేరు చెబుతోంది. నా పేరు లేదు."

"మాంత్రికుడు దానికి తప్పుడు గుర్తుమాట ఇవ్వడంతో అప్పుడు నీ కూత నమ్మలేదు. ఇప్పుడు నువ్వు చచ్చావనుకుంటోంది. నీ కూత వినందే నీ పేరు ఎలా చెబుతుంది?"

"ముందు అదే చెప్పాలి!" అని భూతం ఆమెను గుప్పిట్లో బిగించింది. "నిన్ను మింగితే ఈ గోల వదులుతుంది."

కొండ కింద దుమ్ము లేచింది. గుహల్లో ఉన్న తనవాళ్లు చెంగల్వకు గుర్తొచ్చారు.

"మింగు. కానీ ముందు ఒక్కసారి ఊదు. గిన్నె మునిగేలోగా నీ పేరు వినబడకపోతే మింగెయ్యి. నేను పారిపోను."

భూతం పళ్లు నూరుతూ గిన్నెను నీళ్లలో వదిలి, కొమ్ము ఊదింది. కొండ అదిరింది. తరువాత అంతా నిశ్శబ్దం. గిన్నె సగం నిండింది. అంచుదాకా వచ్చింది. గుప్పిట బిగుసుకుంది. చెంగల్వకు ఊపిరి ఆడలేదు.

దూరం నుంచి ఒక కూత వచ్చింది. భూతం వేళ్లు వదులయ్యాయి.

"ఏమంది?" అని అడిగింది చెంగల్వ.

"నా పేరు చెప్పింది," అంది భూతం. "ఆ మొద్దు జేగురు నా పేరు చెప్పింది."

అంతే! దండు వస్తోందన్న కూత కొండలు దాటి రాజధాని చేరింది. సైన్యం వచ్చేదాకా బూడిదభూతం కనుమకు అడ్డంగా నిలబడి బండలు దొర్లించింది. మంత్రం చదవబోయిన ధూమ్రజటుణ్ణి జుట్టు పట్టి అడవి అవతలికి విసిరేసింది. దోపిడీ దండు సైన్యానికి చిక్కింది.

ఆ భూతాల మధ్య ప్రేమ పుట్టిందని మాత్రం అనుకోకండి, పిల్లలూ! "ఇంకా చావలేదా?" అని ఒకటి కూస్తే, "నీకంటే ముందు చావను!" అని రెండోది కూసేది. ఎంత తిట్టుకున్నా ఏ ఒక్కటీ కూత మాత్రం తప్పించలేదు.

వీరకేతుడు ఆ మూడు కొండల సీమను చెంగల్వకు అప్పగించాడు. ఆమె గుహల్లోని తనవాళ్లను బయటికి తీసుకొచ్చి, కాలిన ఊరిని తిరిగి కట్టించి, అక్కడి నుంచే ఆ సీమను చాలాకాలం ఏలింది.